పెరటి తలుపు ఏ నంబరు?

తాళంకప్ప ఎంత పెద్దదైతే అంత ధైర్యం అనుకునే కాలం పోయింది. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి, పెద్దవాళ్లిద్దరే మిగిలిన ఇళ్లలో దొంగల అలారం కూడా ఫ్రిజ్, ఇన్వర్టర్‌లా ఓ సామానైపోయింది. పెట్టెమీది కంపెనీ పేరు చూసినంత శ్రద్ధగా లోపల తీగలెలా కలిపారో ఎవరూ చూడరు. అసలు కాపలా అంతా ఆ తీగల్లోనే ఉంది.

హైదరాబాద్ శివార్లలో ఓ రిటైర్డ్ లెక్కల మాస్టారి ఇల్లు. కొడుకు డబ్బు పంపి అలారం పెట్టించాడు. తలుపులకూ కిటికీలకూ అయస్కాంతం స్విచ్‌లు, హాల్లో ఒంటి వేడిని బట్టి కదలికను పసిగట్టే సెన్సర్, మంచం పక్కన అత్యవసర బటన్. వైరింగుకొచ్చిన కుర్రాడు చీకటి పడేలోగా పని తెమల్చాలని అన్నిటి తీగలూ పెట్టె దగ్గరే వరసగా ముడేసి, ఒకే జోన్‌లో బిగించి వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండానే అర్ధరాత్రి రెండింటికి సైరన్ మోగింది. పెట్టెమీద కనిపించింది 'జోన్ 1' అని మాత్రమే. ముందు తలుపా, పెరటి తలుపా, కిటికీయా? మాస్టారు టార్చిలైటు, చేతికర్ర పట్టుకుని గుండె దడదడలాడుతుంటే ఇల్లంతా తిరిగారు. ఎవరూ లేరు. మూడోసారి మోగినప్పుడు తెలిసింది, సెన్సర్ అద్దంమీద బల్లి పాకుతోందని. "బల్లి పడితే ఫలితం పంచాంగంలో ఉంటుంది గానీ, పాకితే సైరనేమిటండీ!" అంది ఆవిడ. ఆ రాత్రి నుంచి అలారం వెయ్యడమే మానేశారు.

నవ్వుకునే సంగతి అక్కడితో అయిపోయింది. ఓ మధ్యాహ్నం మాస్టారు డాబామీద ట్యాంకు కడుగుతుండగా ఆవిడకు కళ్లు తిరిగాయి. మంచం పట్టుకుని బటన్ నొక్కింది. చప్పుడు లేదు. మళ్లీ నొక్కింది. లేదు. కాసేపటికి మాస్టారు కాఫీ కోసం దిగొచ్చి చూసి ఆసుపత్రికి తీసుకెళ్లారు కాబట్టి గండం గడిచింది. అలారం వేసి ఉంటే తప్ప ఆ జోన్ పనిచేయదు. బటన్ కూడా అందులోనే ఉంది మరి!

ఈసారి అనుభవమున్న మెకానిక్ వచ్చాడు. పెట్టె తెరిచి చూసి, "మాస్టారూ, క్లాసులో హాజరెలా పిలిచేవారు? అందరూ వచ్చారా అని ఒక్కసారే అడిగితే రానివాడెవడో తెలుస్తుందా?" అన్నాడు. మాస్టారికి మరి చెప్పనక్కర్లేకపోయింది.

ముందు తలుపుకు 1వ జోన్. లోపలికొచ్చి అంకెలు నొక్కడానికి దానికి 30 సెకన్ల గడువు. పెరటి తలుపు 2, కిటికీలు 3. వీటికి గడువు లేదు, తెరిస్తే వెంటనే మోగాల్సిందే. హాల్లో సెన్సర్ 4. ఇంట్లో మనుషులు పడుకున్నప్పుడు దాన్ని పక్కన పెట్టొచ్చు. బటన్ 5. అలారం వేసినా వేయకపోయినా 24 గంటలూ మెలకువగా ఉండే జోన్ అది.

తర్వాత అతను పెరటి తలుపు తీసి చూపించాడు. పెట్టెలో మాత్రం అది మూసే ఉన్నట్టుంది! క్యాలెండరు కోసం కొట్టిన మేకు తీగలోకి దిగి, రెండు పోగుల్నీ కలిపేసింది. ఒక్కో జోన్ చివర చిన్న రెసిస్టర్ ఉండాలి. పెట్టె ఎప్పుడూ దాని విలువనే కొలుస్తుంటుంది. తలుపు తెరిచినా, తీగ తెగినా కరెంటు దారి తెగిపోతుంది. తీగలు కలిసిపోతే విలువ సున్నాకు పడిపోతుంది. రెండింటినీ పెట్టె పట్టేస్తుంది. కుర్రాడు ఆ రెసిస్టర్‌ను తలుపు దగ్గర కాక పెట్టెలోనే బిగించాడు. దాంతో తీగలు కలిసినా విలువ మారలేదు, పెట్టెకు అంతా సవ్యంగానే కనిపించింది. వీధి చివరిదాకా వెళ్లాల్సిన గస్తీవాడు ఠాణాలోనే కూర్చుని అంతా బాగుందని రాసుకున్నట్టన్నమాట.

ఇది ఇవాళ్టి చిక్కు కాదు. అమెరికాలోని మసాచుసెట్స్‌కు చెందిన అగస్టస్ రస్సెల్ పోప్ 1853లో కరెంటు అలారానికి పేటెంట్ పొందాడు. తలుపు తెరిస్తే కరెంటు దారి కలిసి గంట మోగేది. అలాంటి ఏర్పాటులో దొంగ ముందే తీగ కత్తిరిస్తే గంట మూగదే! అందుకే తలుపుల తీగల్లో ఎప్పుడూ కరెంటు పారుతూ, తెగితే మోగే పద్ధతి వచ్చింది.

ఇప్పుడు మాస్టారింట్లో పెట్టె మూత లోపల ఆవిడ చేతిరాతతో ఓ కాగితం అంటించి ఉంది: ఏ నంబరు ఏ తలుపో, ఏ కిటికీయో. నెలనెలా పాలవాడి లెక్క చూసే రోజునే ఆవిడ ఒక్కో తలుపూ తీస్తుంది, మాస్టారు పెట్టె దగ్గర నిలబడి నంబరు చదువుతారు. చివర్న బటన్. అది మాత్రం ఆవిడే నొక్కుతుంది, సైరన్ వినపడేదాకా వేలు తియ్యదు.