తాడ్వాయి అడవి: నోటుబుక్కు పుటలు

ఆగస్టు 31, 2024, శనివారం

ముసురు తెరిపివ్వలేదు. మా బొగ్గు గని ఓపెన్‌కాస్ట్‌లో డంపర్లు గట్టున వరుసగా నిలబడ్డాయి. హాల్ రోడ్డంతా బురద, సర్వేకి దిగే ప్రశ్నే లేదు. వాయుగుండం ఈ రాత్రి కళింగపట్నం దగ్గర తీరం దాటుతుందట. సముద్రానికి ఇంత దూరంలో ఉన్నాం, వాన మాత్రం మన మీదే.

సెప్టెంబర్ 2

ఖమ్మంలో మున్నేరు ఊళ్లోకొచ్చింది. ప్రకాశ్‌నగర్ బ్రిడ్జి మీద చిక్కుకున్న తొమ్మిది మందిని జేసీబీ డ్రైవర్ ఒకాయన వెళ్లి తెచ్చాడు. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. విజయవాడలో బుడమేరు వరద. ఎటు చూసినా నీళ్ల వార్తలే.

సెప్టెంబర్ 5, గురువారం

నీళ్ల వార్తల మధ్యలో గాలి వార్త. ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం అడవిలో 31 సాయంత్రం యాభై వేలకు పైగా చెట్లు కూలిపోయాయి. అటవీ శాఖ తొలి అంచనా దాదాపు 500 ఎకరాలు. వానలు తగ్గి సిబ్బంది లోపలికి వెళ్లేదాకా సంగతి బయటికి రాలేదు. డ్రోన్‌తో తీసిన వీడియో చూశాను. పచ్చటి అడవి మధ్యలో మానులన్నీ నేల పట్టి ఉన్నాయి.

పేపర్లు టోర్నడో అని రాశాయి. మనుషులెవరూ పోలేదు. ఈ గాలి ఊళ్ల మీద పడి ఉంటే? సమ్మక్క సారలమ్మే అడ్డుపడ్డారని అక్కడివాళ్లు అంటున్నారు. ఆ మాటతో నాకు పేచీ లేదు. కానీ సర్వే మనిషిని. ఏ మాను ఎటు తల పెట్టి పడిందో ఎవరైనా రాసుకుంటున్నారా అన్నదే నా బెంగ.

సెప్టెంబర్ 7, వినాయక చవితి

పూజ అయ్యాక మేనల్లుడు ఓక్లహోమా నుంచి వీడియో కాల్ చేశాడు. వాడికీ వీడియో చేరింది. “మామా, ఇక్కడైతే దాని వెనకాల యాభై కార్లు ఉండేవి” అన్నాడు. అక్కడ తుపాను వేటగాళ్లున్నారు. 1956లో డేవిడ్ హోడ్లీ అనే కుర్రాడు నార్త్ డకోటాలో మొదలుపెట్టిన పిచ్చి, ఇప్పుడు డబ్బిచ్చి వెళ్లే టూర్ల దాకా వచ్చింది. మైలుకో రోడ్డు, గళ్ల కాగితంలా. చెట్టూ గుట్టా అడ్డం లేని మైదానం. ముప్పై మైళ్ల అవతలి మబ్బు కూడా కనిపిస్తుందట.

“అంత కనిపించీ చస్తార్రా?” అన్నాను. మేనల్లుడు వాళ్లుండేది ఎల్ రెనోకి దగ్గర్లోనే, వాడే చెప్పాడు. 2013 మే 31న అక్కడ పుట్టిన టోర్నడో వెడల్పు 4 కిలోమీటర్లు దాటింది. టిమ్ సమారాస్, ఆయన కొడుకు పాల్, తోటి వేటగాడు కార్ల్ యంగ్ కారుతో సహా అందులో పోయారు. వాళ్లు సరదా కోసం తిరిగే రకం కాదు. సమారాస్ టోర్నడో దారిలో పరికరాలు పెట్టి, లోపలి ఒత్తిడి కొలిచిన మనిషి. 2003లో ఆయన పరికరం సుడి మీదుగా పోతుంటే 100 మిల్లీబార్ల పతనాన్ని నమోదు చేసింది. కొలతకోసం పోయినవాడంటే నాకు గౌరవం. కారులోంచి కేకలేసుకుంటూ వీడియోలు తీసేవాళ్ల మీద మాత్రం లేదు. వెనకాల కూలిన ఇళ్లు దాటుకుంటూ తర్వాతి మబ్బు కోసం పరుగెత్తేవాళ్లూ ఉన్నారని మేనల్లుడే ఒప్పుకున్నాడు. ఆగి, శిథిలాలు తొలగించేవాళ్లూ ఉన్నారట.

ఇక్కడ ఆ వేట కుదరదు. ముసురులో సుడి వచ్చినా వాన తెర చాటునే. పైగా అడవి, గుట్టలు. హైదరాబాద్ రాడార్ ఉంది కదా అంటారు. భూమి వంపు వల్ల, తాడ్వాయి దూరానికి చేరేసరికి దాని కిరణం నేలకు కిలోమీటర్ల ఎత్తున పోతుంది. చెట్టు మొదట్లో ఏం జరిగిందో దానికెలా తెలుస్తుంది? మనకు దొరికేది పడిన చెట్టొక్కటే.

సెప్టెంబర్ 15, ఆదివారం

మణుగూరు, మంగపేట, ఏటూరునాగారం మీదుగా తాడ్వాయి. అభయారణ్యం కాబట్టి ఇష్టమొచ్చినట్టు తిరగనివ్వరు. బీట్ సిబ్బంది ఒకాయన వెంట కొద్ది దూరం వెళ్లనిచ్చారు.

నల్లమద్దులు వేళ్లతో సహా లేచి పడుకున్నాయి. వేరు పళ్లెంలా అడ్డంగా పరుచుకుంది గానీ లోతుకు దిగలేదు. పైన సారమున్న మట్టి పొర పలచన, కింద గట్టి నేల. అధికారులు చెప్పిన కారణం కళ్లెదుటే ఉంది. ఆపైన రోజుల తరబడి నానిన నేల. వేరు పట్టు దొరికిన చోట మాను మధ్యకు విరిగింది. పచ్చి చెక్క వాసన ఇంకా పోలేదు.

“చప్పుడు విన్నారా తాతా?” దారిలో కనిపించిన కోయ పెద్దాయన్ని అడిగాను.

“వానసప్పుడే ఇన్నం సారూ. తెల్లారి జూస్తే అడివే లేదు.”

జేబులో కంపాస్ ఉంది. సుడి అయితే మానులు ఒకదాని మీదొకటి అడ్డదిడ్డంగా, దారి మధ్యకు తలలు పెట్టి పడాలి. మబ్బులోంచి చల్లగాలి ఒక్కసారిగా కిందికి విరుచుకుపడితే నేలను తాకి నలుదిక్కులా చిమ్ముతుంది, చెట్లు బయటివైపు తల పెడతాయి. ఈ తేడా చెప్పింది టెట్సుయా ఫుజితా. కుర్రతనంలో నాగసాకి వెళ్లి, అణుబాంబు దెబ్బతిన్న చెట్ల తీరు చూసినవాడు. 1974లో అమెరికాలో టోర్నడోలు విరుచుకుపడ్డాక విమానంలోంచి అడవి చూస్తే, అదే తీరులో, నక్షత్రంలా నలువైపులా చెట్లు పడి కనిపించాయి. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో దిగబోతూ కూలిన విమానానికి కారణం ఈ కిందిగాలేనన్నాడు. చాలామంది నమ్మలేదు. తర్వాత విమానాశ్రయాల్లో దాన్ని పట్టే రాడార్లు వచ్చాయి.

మా అండర్‌గ్రౌండ్ వాళ్లకు దీన్ని విప్పి చెప్పక్కర్లేదు. బొగ్గు తీసేసిన గోఫ్‌లో పెద్ద రూఫ్ ఒక్కసారి పడితే, కింది గాలి గ్యాలరీల్లోకి తోసుకొచ్చి మనిషిని ఎత్తి పడేస్తుంది. ఎయిర్ బ్లాస్ట్. అందుకే రూఫ్ వేలాడనివ్వకుండా ఎప్పటికప్పుడు దింపుతారు.

నేను చూసిన కొద్ది మేరలో రెండు రకాల పడటమూ కనిపించింది. అంతటితో తీర్పు చెప్పడం తప్పు పని. కంపాస్ తీసి రాసుకున్నవి ఇంటికొచ్చాక గళ్ల కాగితం మీద గుర్తుపెట్టాను. అన్ని ఎకరాల్లో ఇది ఒక మూల. అభయారణ్యంలో పడిన చెట్టును కూడా తేలిగ్గా తరలించకూడదంటారు, మంచిదే. చెదలు తినేలోపు ఎవరైనా ప్రతి మాను దిశా కొలిస్తే ఆ సాయంత్రం గాలి పటం చేతికొస్తుంది.

డిసెంబర్ 4, బుధవారం

పొద్దున 7.27కి మంచం కదిలింది. అందరూ రోడ్డెక్కారు. తీవ్రత 5.3, కేంద్రం మళ్లీ ములుగు అడవి, మేడారం చుట్టుపక్కలే.

క్యాంటీన్‌లో ఒకటే చర్చ. చెట్లు పడిందీ అక్కడే, భూమి కదిలిందీ అక్కడే. గనులు తవ్వి మనమే తెచ్చామని ఒకరు, అమ్మవార్ల ఆగ్రహమని ఒకరు. భూకంపం పుట్టింది 40 కిలోమీటర్ల లోతున, మన గనులు పైపొరను గీకుతాయంతే అన్నాను. గోదావరి లోయే పాత పగుళ్ల చోటు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో కదిలింది, అప్పుడు ఏ చెట్లూ ముందుగా పడలేదు. గాలికీ దీనికీ చుట్టరికం లేదు.

కొత్తగా చేరిన కుర్రాడు ఊరుకోలేదు. “గాలొచ్చె, భూకంపమొచ్చె. మూడోది ఏమొస్తది సార్?”

“ఏప్రిల్ల గాలివాన. ఏటా వస్తది, మామిడికాయలు రాలుస్తది, ఇంటి రేకులు లేపుతది. దానికి డ్రోన్లు రావు. నువ్వు అద్దెకున్న రూము రేకులదేగా, ఇప్పుడే బోల్టులు బిగించుకో.”