252లో 336

2006 వానాకాలం. గుంటూరు బ్రాడీపేటలో గది తీసుకుని ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. సాయంత్రం లెక్కల ట్యూషన్ ఒక మేడ మీద, రేకుల షెడ్డులో. వాన పడితే సారు గొంతు వినపడేది కాదు, బోర్డు మీద రాసిందే పాఠం. ఆ రోజు వాన బాగా పడుతోంది. ఆయన బోర్డు మీద లెక్క రాసి, ముందు వరసలో ఉన్న నా చేతికి సుద్దముక్క ఇచ్చారు.

ఆరుగురు పురుషులు, నలుగురు స్త్రీలు ఉన్నారు. కనీసం ఇద్దరు స్త్రీలు ఉండేటట్లు అయిదుగురితో సంఘాన్ని ఎన్ని విధాలుగా ఏర్పరచవచ్చు?

నాకు ఆలోచించాల్సిన పని కూడా కనపడలేదు. ముందు నలుగురు స్త్రీలలో ఇద్దరిని తీసేసుకుంటే షరతు తీరిపోతుంది. దానికి 6 విధాలు. ఇక ఎనిమిది మంది మిగిలారు, ముగ్గురు కావాలి. దానికి 56 విధాలు. ఆరు యాభై ఆర్లు 336. జవాబు కింద రెండు గీతలు గీసి సుద్దముక్క ఇవ్వబోయాను.

సారు తప్పనలేదు, ఒప్పనలేదు. దాని పక్కనే "షరతు లేకపోతే?" అని రాశారు. పదిమందిలో అయిదుగురు. అది మాకు నోటికి వచ్చు, 252. రాశాను. రాశాక రెండు అంకెలూ పక్కపక్కన కనిపించాయి. అసలు ఉన్న సంఘాలే 252 అయితే, వాటిలో షరతుకు నిలిచినవి 336 ఎలా అయ్యాయి? బోర్డు ముందు నా చెయ్యి అలాగే ఆగిపోయింది. వెనక అరవై మంది చూస్తున్నారన్న సంగతి కూడా గుర్తులేదు. నా దారిలో ఎక్కడా తప్పు కనపడటం లేదు. జవాబు మాత్రం ఉండటానికి వీల్లేనిది.

వెనక బెంచీలోంచి ఒకతను లేచి, స్త్రీలు అసలు లేనివి 6, ఒక్కరే ఉన్నవి 60, వాటిని 252లోంచి తీసేస్తే 186 అని గట్టిగా చెప్పాడు. అందరూ రాసుకున్నారు. సారు నన్ను కూర్చోమనలేదు. దగ్గరికి వచ్చి, వానలో వినపడేలా అన్నారు: "186 ఎలా వచ్చిందో వాడు చెప్పాడు. నీ 336 ఎలా వచ్చిందో రేపు నువ్వు చెప్పాలి."

ఆ రాత్రి గదిలో కాగితం మీద నలుగురు స్త్రీలకు పేర్లు పెట్టుకున్నాను. సీత, గీత, లత, రాధ. సీతనూ గీతనూ ముందు తీసుకుని, తర్వాతి ముగ్గురిలో లతను తీసుకున్నాను. ఇంకోసారి సీతనూ లతనూ ముందు తీసుకుని, గీతను తర్వాత తీసుకున్నాను. తోడున్న మగవాళ్లిద్దరూ వాళ్లే. రెండూ ఒకే సంఘం! గీతనూ లతనూ ముందు తీసుకుంటే మూడోసారి కూడా అదే వస్తుంది. అంటే ముగ్గురు స్త్రీలున్న ప్రతి సంఘాన్నీ మూడుసార్లు లెక్కపెట్టాను. నలుగురూ ఉన్నదాన్ని ఆరుసార్లు. ఇద్దరే ఉన్నవి 120, అవి ఒక్కసారే వచ్చాయి. ముగ్గురున్నవి 60, మూడేసిసార్లు 180. నలుగురున్నవి 6, ఆరేసిసార్లు 36. నూట ఇరవై, నూట ఎనభై, ముప్పై ఆరు. కూడితే 336.

సరిగ్గా 336. ఒకటి ఎక్కువ కాదు, ఒకటి తక్కువ కాదు. తప్పు జవాబుకు కూడా ఇంత కచ్చితమైన లెక్క ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. 186 వచ్చినప్పుడు ఇంత సంతోషం కలగలేదు.

ఆ రోజుల్లో చాలా చోట్ల ఈ పాఠాన్ని ఒక్క వాక్యంలో చెప్పేవారు. "కనీసం" అన్న మాట కనపడిందా, మొత్తంలోంచి తీసెయ్. అది సరైన దారే, నేనూ ఈనాటికీ వాడతాను. కానీ ఆ వాక్యం మాత్రమే తెలిసినవాడికి, మొదటి దారి ఎందుకు మునిగిందో ఎప్పటికీ తెలియదు. లెక్కపెట్టడంలో కష్టమంతా గుణకారంలో లేదు. ఒకే వస్తువు రెండు పేర్లతో మన ముందుకు వచ్చినప్పుడు దాన్ని గుర్తుపట్టడంలో ఉంది.

పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. ఈ పాఠానికి పర్ముటేషన్స్ అన్న పేరు నాకు దూరంగా ఉండేది. తెలుగు అకాడమీ పుస్తకంలో "ప్రస్తారాలు" అని చూశాక దగ్గరయింది. ఛందస్సులో గురులఘువులను వరసగా పేర్చి చూపడాన్నీ ప్రస్తారమనే అంటారు. మూడక్షరాలకు ఎనిమిది గణాలే ఎందుకో తెలుగు క్లాసులో ఎవరూ అడగలేదు. ప్రతి చోటా గురువో లఘువో, రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది.

సంక్రాంతి సెలవులకు అమ్మమ్మ ఊరు వెళ్లాను. అప్పటికి సంభావ్యత మొదలైంది. అరుగు మీద అష్టాచమ్మా సాగుతోంది. నాలుగు గవ్వలు, ఒక్కోటి వెల్లకిలానో బోర్లానో పడుతుంది కాబట్టి మొత్తం పదహారు విధాలు. నాలుగూ వెల్లకిలా పడితే చమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా, చెరొకటి పదహారులో ఒక వంతు. రెండు పడటానికి పదహారులో ఆరు. అమ్మమ్మకు ఇదంతా చెప్పాను. ఆవిడ విని, "ఏ గవ్వలకురా?" అంది.

నాకు అర్థం కాలేదు. ఆవిడ డబ్బాలోంచి ఇంకో నాలుగు గవ్వలు తీసి ఇచ్చింది, కొంచెం పొడుగ్గా, వీపు బాగా ఉబ్బినవి. రెండు జతలనూ మధ్యాహ్నమంతా వేస్తూ నోటుబుక్కులో గీతలు పెట్టాను. ఏ జతలోనూ చమ్మాలూ అష్టాలూ సమానంగా రాలేదు. ఒక జతకూ ఇంకో జతకూ పోలిక లేదు. పుస్తకం తిరగేస్తే, నిర్వచనంలోనే ఉంది ఆ మాట, నేనే దాటేసి వెళ్లాను: "సమసంభవ" ఘటనలు. పదహారు విధాలని లెక్కపెట్టడం వరకే నా పని. ఆ పదహారూ సమానమని గవ్వ ఎక్కడా మాట ఇవ్వలేదు. అమ్మమ్మ కొత్త గవ్వలు కొనేటప్పుడు ఒక్కోదాన్నీ నేల మీద వేసి చూసి తీసుకునేదట.

2007 వేసవిలో ఎంసెట్ ముందు గ్రాండ్ టెస్టులు. మూడు గంటలు, 160 బిట్లు, అందులో లెక్కలవి 80. ఒక టెస్టులో ఈ బిట్టు వచ్చింది: నాలుగు ఉత్తరాలను నాలుగు కవర్లలో యాదృచ్ఛికంగా పెడితే, కనీసం ఒక్కటైనా సరైన కవరులో ఉండే సంభావ్యత ఎంత? సరిగ్గా పడే ఉత్తరాన్ని 4 విధాలుగా ఎంచుకుని, మిగతా మూడింటినీ 6 విధాలుగా పెట్టాను. 24. మొత్తం కూడా 24. సంభావ్యత 1. అంటే ఒక్క ఉత్తరమైనా తప్పక చేరుతుందన్నమాట! ఆప్షన్లలో 1 కూడా ఉంది.

పెన్సిలు ఆగింది. వాన చప్పుడు గుర్తొచ్చింది. తీసేసే దారి పట్టలేదు, ఆ 24నే విప్పాను. ఒక్కటే సరైనవి 8. రెండు సరైనవి 6, అవి రెండేసిసార్లు వచ్చాయి. నాలుగూ సరైనది 1, నాలుగుసార్లు వచ్చింది. మూడు మాత్రమే సరిగ్గా ఉండటం కుదరదు. 8, 12, 4 కలిస్తే 24. ఒక్కోదాన్ని ఒక్కసారే లెక్కిస్తే 15. ఇరవై నాలుగులో పదిహేను, అయిదు బై ఎనిమిది.

బయటికొచ్చాక మా గదిమిత్రుడు ఆ బిట్టుకు 1 పెట్టానన్నాడు. విప్పి చెప్పాను. "నాకు ఇరవై నాలుగూ చూపించరా" అన్నాడు. టిఫిన్ బండి దగ్గర బల్ల మీద ప్రశ్నపత్రం బోర్లేసి, 1 2 3 4 నుంచి 4 3 2 1 దాకా ఒక్కో వరసా రాశాం. సరైన అంకె ఉన్న వరసకల్లా వాడు టిక్కు పెట్టుకుంటూ వచ్చాడు. దోసెలు చల్లారిపోయాయి. చివరి వరస అయ్యాక వేలు పెట్టి టిక్కులు లెక్కపెట్టాడు. పదిహేను. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.