వడ్డీ లేని చదువు

ఆగస్టు 14, 2025, గురువారం

ఇక్కడ ఇంగ్లండులో యూనివర్సిటీ ప్రవేశానికి రాసే ఏ లెవెల్ పరీక్షల ఫలితాలొచ్చాయి. తమ్ముడి కూతురికి మా ఊరు కోవెంట్రీ యూనివర్సిటీలోనే ఇంజనీరింగ్ సీటు ఖాయమైంది. ఇల్లంతా పండగ. రాత్రి భోజనాలయ్యాక ఫీజు మాట వచ్చింది. ఏడాదికి 9,535 పౌండ్లు. ప్రభుత్వం అప్పిస్తుంది గానీ దాని మీద వడ్డీ ఉంది. "వడ్డీ జోలికి పోవద్దని చిన్నప్పటి నుంచి మీరే చెప్పారు కదా పెదనాన్నా" అంది. అవును, చెప్పాను. ఇప్పుడూ అదే చెబుతాను. అలాగని దాని చదువు ఆగకూడదు.

ఆగస్టు 17, ఆదివారం

ఇద్దరం కూర్చుని ఇస్లామిక్ ఫైనాన్స్ యాప్‌లు చూశాం. పొదుపుకున్నాయి, పెట్టుబడికున్నాయి, ఇంటికీ ఉన్నాయి. స్ట్రైడప్ లాంటి సంస్థ మనతో కలిసి ఇల్లు కొంటుంది. తన వాటాకు అద్దె తీసుకుంటూ, ఆ వాటానే మెల్లమెల్లగా మనకు అమ్ముతుంది. పద్ధతి బాగుంది. ఇంకో యాప్‌లో నెల ఆదాయం అడిగిన గడిలో అమ్మాయి సున్నా కొట్టింది. కింద బటన్ బూడిద రంగులోనే ఉండిపోయింది, నొక్కినా కదల్లేదు. పద్దెనిమిదేళ్ల పిల్లకు జీతమెక్కడిది? రేపటి సంపాదనే దాని పూచీ. ఆ పూచీని నమ్మి ఏళ్ల తరబడి ఆగగలిగేది ప్రభుత్వమే.

ఆగస్టు 19, మంగళవారం

పాత కాగితాలు చదివాను. ఇస్లామిక్ పద్ధతిలో ఇల్లు చేతులు మారేది రెండుసార్లు కాబట్టి ఒకప్పుడు స్టాంపు డ్యూటీ కూడా రెండుసార్లు పడేది. 2003లో చట్టం మార్చి ఆ భారం తీసేశారు. మరుసటి ఏడాదే పక్కన బర్మింగ్‌హామ్ కేంద్రంగా ఇస్లామిక్ బ్యాంక్ ఆఫ్ బ్రిటన్ మొదలైంది. యాప్‌లు ఆ తర్వాతి సంగతి.

చదువుల విషయంలోనూ చట్టం వచ్చింది. 2012లో ఫీజు గరిష్ఠంగా 9,000 పౌండ్లకు పెరిగింది. 2014లో వడ్డీలేని విద్యారుణం గురించి ప్రభుత్వం అభిప్రాయాలు అడిగితే దాదాపు 20,000 మంది రాశారు. తకాఫుల్ పద్ధతి అనుకున్నారు. ఉమ్మడి నిధి నుంచి విద్యార్థికి ఫీజు కడతారు. ఉద్యోగం వచ్చాక అతను తిరిగి ఆ నిధిలో వేస్తాడు, దాంతో తర్వాతివాళ్లు చదువుకుంటారు. 2017 చట్టం దీనికి అధికారమిచ్చింది. ఇప్పటికీ అమలు కాలేదు. 2027 జనవరి కోర్సులతో మొదలయ్యే కొత్త విద్యారుణ విధానం తర్వాతేనట. 2014లో ఈ పిల్లకు ఏడేళ్లు!

ఆగస్టు 22, శుక్రవారం

ఈగిల్ స్ట్రీట్ మసీదులో జుమా నమాజు అయ్యాక ఇదే మాట. ఒకబ్బాయి ఫీజు కూడబెట్టడానికి గోడౌన్‌లో రాత్రి డ్యూటీ చేస్తున్నాడు. ఇంకొకడు చదువే మానుకున్నాడు. మా ఇంట్లో అన్నదమ్ములం తలా కొంత వేసి మొదటి ఏడాది ఫీజు కర్జె హసనాగా, అంటే వడ్డీలేని అప్పుగా ఇస్తున్నాం. మనకిది కొత్త కాదు. హైదరాబాద్‌లో పుట్టిన పండితుడు ముహమ్మద్ హమీదుల్లా అక్కడి వడ్డీలేని రుణ సంఘాల గురించి ఎప్పుడో రాశారు. కానీ అన్నదమ్ములు లేని ఇంటి పిల్ల ఏం చేయాలి?

మా ఎంపీకి ఉత్తరం రాశాను. దయ చూపమని కాదు, చేసిన చట్టాన్ని ఏ తేదీ నుంచి అమలు చేస్తారో చెప్పమని. జుమాకు వచ్చినవాళ్లలో పిల్లలున్న ప్రతి ఒక్కరి చేతా వచ్చే వారం ఇలాంటి ఉత్తరమే రాయిస్తాను.