అరకు కొండల్లో క్రిస్మస్ చెట్టు

విశాఖ నుండి రైలు సొరంగాలన్నీ దాటి అరకు చేరేసరికి, డిసెంబరు చలిలో కాఫీ పండ్లు ఎర్రబడి కోతకు వచ్చి ఉన్నాయి. అక్కడి సంఘస్థులతో కలిసి మేమూ క్రిస్మస్ చెట్టు కట్టడానికి కూర్చున్నాము. మా తీర గ్రామాల్లోనైతే సరుగుడు కొమ్మతో సరిపెడతాము. ఇక్కడి యౌవనస్థులు లేత సిల్వర్ ఓక్ చెట్టునే నరుకుదామన్నారు.

ఒక పెద్దమ్మ ఒప్పుకోలేదు. "అది కొట్టేస్తే కాఫీకి నీడేది అయ్యగారూ? మిరియాల తీగ దేన్ని పట్టుకొని పాకుతుంది?" అన్నది.

ఆమె మాటే నిలిచింది. కింది కొమ్మలు మాత్రం కోసి, వెదురు గెడకు కట్టి, మట్టి నింపిన కుండలో నిలిపాము. ఆ ఆకు అడుగుభాగం వెండిలా మెరుస్తుంది గనుక మెరుపుకాగితం కొనే పనే లేకపోయింది! స్త్రీలు ఎండిన అడ్డాకులను విస్తరి కుట్టినట్టే పుల్లలతో కుట్టి నక్షత్రాలు చేశారు. పిల్లలు నేలరాలిన కాఫీ పండ్లను దండలు గుచ్చారు. చెట్టు మీది పండ్లు కూలి డబ్బులు కదా, వాటిని ముట్టలేదు.

1605లో స్ట్రాస్‌బర్గు ఇళ్లలోని చెట్లకు కట్టినవి కూడా ఆపిల్ పండ్లు, కాగితపు గులాబీలే. అంగడి గాజుబంతులు తరువాత వచ్చినవి.

కొవ్వొత్తులు మాత్రం చెట్టుకు పెట్టనివ్వలేదు. ఎండుటాకు కదా! వాటిని దూరంగా కిటికీలో వెలిగించాము.