పాలపిట్ట నీలము, కంటి శుక్లము

చిత్రకారుడు రంగులను పళ్ళెంలో కలుపుకుంటాడు. దారముతో బొమ్మ కుట్టేవారికి ఆ వెసులుబాటు లేదు. ఒకే రంగులో ముదురు నుంచి లేత వరకు ఐదారు ఛాయల లచ్చీలు తీసుకొని, పొడవు కుట్లు, పొట్టి కుట్లు మార్చి మార్చి వేస్తూ, ఒక వరుస చివరలలోనికి తరువాతి ఛాయను చొప్పించాలి. ఆ ఛాయలు కలిసేది చూసేవారి కంటిలోనే. అందుచేత ఈ పనికి చేతినేర్పుతో పాటు రంగులను సరిగా గుర్తించే చూపు కూడా అవసరము.

నా శ్రీమతి తన 68వ ఏట జమ్మికొమ్మపై వాలిన పాలపిట్టను కుట్టడం ప్రారంభించింది. దసరానాడు రెంటినీ దర్శించడం మనకు శుభము కదా! ఆరు పోగుల దారము నుంచి ఒక్క పోగునే విడదీసి సూదికి ఎక్కించేది. ఈకలు ఒకదానిపై మరొకటి పరచుకున్నట్లు కనిపించాలని తోక నుంచి తల వైపు కుట్టుకుంటూ వచ్చింది. జమ్మి బెరడు, సన్నని ఆకులు, పిట్ట రొమ్ముపై గోధుమవర్ణము చక్కగా కుదిరాయి. రెక్క దగ్గర మాత్రము చిక్కు వచ్చింది. ముదురు నీలము ఉండవలసిన చోట నల్లదారము, లేత నీలానికి బదులు ఆకుపచ్చ పడ్డాయి. పగటి వెలుగులోనూ ఆమెకు తేడా తెలియలేదు. చత్వారపు అద్దాలు మార్చినా ఫలితము లేకపోయింది.

కంటివైద్యులు పరీక్షించి రెండు కళ్ళలోనూ శుక్లము ఉందన్నారు. వయస్సుతో కంటి కటకము పసుపు, గోధుమ వర్ణములకు తిరుగుతుంది. అట్టి కటకము నీలకాంతిని ఎక్కువగా పీల్చుకొంటుంది. ఈ మార్పు ఏళ్ళ తరబడి మెల్లగా జరుగుతుంది కనుక మనిషికి తెలియదు. ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే కూడా శుక్లము వలన రంగులతో ఇబ్బంది పడి, 1923లో శస్త్రచికిత్స చేయించుకున్నాడు.

“ఆపరేషన్ తరువాత మళ్ళీ సూది పట్టగలనా అండీ?” అని ఆమె అడిగింది. ఆమె భయమంతా అదే. “మారేది కటకమే, నీ చేతులు కాదు” అన్నాను.

మొదటి కంటికి శస్త్రచికిత్స జరిగి, చూపు కుదుటపడ్డాక ఒక్కొక్క కన్నూ మూసి ఒకే లచ్చీని చూసింది. అది రెండు వేర్వేరు రంగుల దారములుగా తోచిందట! రెండవ కన్ను కూడా బాగయ్యాక, దగ్గరచూపుకు కొత్త అద్దాలు పెట్టుకొని, రెక్కలోని కుట్లు విప్పి మరల కుట్టింది.

సూదిపని చేసేవారు వెలుగు పక్కనుంచి బట్టపై పడేటట్లు కూర్చోవాలి. తదేకముగా చూసేటపుడు రెప్పపాట్లు తగ్గి కళ్ళు పొడిబారుతాయి. కనుక 20 నిమిషములకు ఒకసారి, 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకండ్లు చూడాలి. అప్పుడప్పుడు ఒక్కొక్క కన్నూ మూసి, తెల్లబట్టనూ నీలిదారాన్నీ పగటి వెలుగులో చూడండి. తేడా కనిపిస్తే కంటివైద్యులను సంప్రదించాలి. శుక్లము రెండు కళ్ళలో సమానముగా ఉంటే తేడా తెలియదు. అందువలన 60 ఏళ్ళు దాటినవారు, మధుమేహము ఉన్న పెద్దలు ఏటా కంటిపరీక్ష చేయించుకోవడం మేలు.