సభాపతి అనంతశయనం అయ్యంగారు

చెన్నపట్టణమునకు పోవు రాజమార్గమున ఆంధ్రదేశపు దక్షిణ ద్వారము వంటిది తడ గ్రామము. దానికి తూర్పున పులికాటు సరస్సు; దక్షిణముగా కొంచెము సాగినచో తమిళనాడు. ఇచ్చటి అంగళ్లలో తెలుగును అరవమును కలిసియే వినవచ్చును. చిరకాలము నెల్లూరు జిల్లాలో నుండిన ఈ ఊరు 2022 ఏప్రిల్ 4వ తేదీన తిరుపతి జిల్లాలో చేరెను. జిల్లా మారినప్పుడు పటముపై గీత మాత్రమే మారునని కొందరు తలంతురు. కాని ఆ గీతతోపాటు కొందరు పెద్దలు కూడ ఆ ఊరికి క్రొత్తగా తనవారగుదురు. తడ బాలబాలికలకు అట్లు లభించిన పెద్దలలో మాడభూషి అనంతశయనం అయ్యంగారొకరు.

ఆయన 1891 ఫిబ్రవరి 4వ తేదీన తిరుపతి సమీపమునందలి తిరుచానూరులో జన్మించిరి. తిరుపతిలో దేవస్థానమువారి ఉన్నత పాఠశాలలో చదివి, చెన్నపట్టణమున పచ్చయప్ప కళాశాలలో పట్టభద్రులైరి. 1912లో గణితోపాధ్యాయులుగా జీవితము నారంభించిరి. ఆ వృత్తిలో ఆయన నిలిచినది స్వల్పకాలమే. న్యాయశాస్త్రము చదివి, 1915 నుండి న్యాయవాదిగా పనిచేయసాగిరి. అయినను లెక్కల మాస్టరుగారి స్వభావము ఆయనను జీవితాంతము విడువలేదనవలెను. తరగతిలో లెక్క తప్పిన బాలునితో ఉపాధ్యాయుడు "ఈ అంకె ఎక్కడిది?" అనును. ఆ చిన్న ప్రశ్ననే అయ్యంగారు తరువాతి కాలమున ఒక మహా సామ్రాజ్యమును అడిగిరి.

1921లో గాంధీమహాత్ముని పిలుపు నందుకొని ఆయన ఒక సంవత్సరము తమ వృత్తిని మానివేసిరి. కుటుంబమును పోషింపవలసిన న్యాయవాదికి ఒక ఏడాది రాబడి పోవుట చిన్న విషయము కాదు. 1934లో ఢిల్లీయందలి కేంద్ర శాసనసభకు సభ్యులుగా ఎన్నికైరి. భూలాభాయి దేశాయి, సత్యమూర్తి మున్నగు ఉద్దండులు కాంగ్రెసు పక్షమున ఆ సభలో కూర్చుండిన కాలమది.

ఆ సభ ఎట్టిదో తెలిసికొన్నగాని అయ్యంగారి పని విలువ తెలియదు. పేరునకది శాసనసభ. కాని ప్రభుత్వము సభకు బాధ్యత వహించునది కాదు. సభ్యులెల్లరు కలిసి వ్యతిరేకముగా ఓటు వేసినను మంత్రిస్థానముననున్న దొరలు తమ పీఠములను విడువనక్కరలేదు. ఆదాయ వ్యయముల బిల్లును సభ త్రోసివేసిన యెడల, వైస్రాయి తన ప్రత్యేకాధికారముతో దానినే చట్టము చేయగలిగియుండెను. అట్లు పలుమారులు జరిగినది కూడ. అట్టి చోట గెలుపు ఓటమి అను మాటలకు అర్థమేమున్నది? ఎంత కష్టపడి గెలిచినను ఫలితము పూజ్యమే.

అయినను ఒక ఆయుధము సభ్యుల చేతిలో మిగిలినది. అదియే ప్రశ్న. సభ్యుడు ముందుగా ప్రశ్నను వ్రాసి పంపును. దానికి ప్రభుత్వము సభలో నిలువబడి ఉత్తరము చెప్పవలెను. ఆ ఉత్తరమునుండి మరియొక ప్రశ్న పుట్టును; దానిని అనుబంధ ప్రశ్న యందురు. మొదటి ప్రశ్నకు ఉద్యోగులు ఇంటివద్దనే జవాబు వ్రాసియిత్తురు. అనుబంధ ప్రశ్నకు అట్టి రక్షణ లేదు. పాఠమును చూచి అప్పగించు విద్యార్థిని, పుస్తకము మూసి చెప్పుమన్నప్పుడు కలుగు అవస్థ ఎట్టిదో అప్పుడు దొరలకును అట్టిది కలుగును. పన్ను ఎంత వసూలైనది, ఏ ఖాతాలో ఎంత వ్యయమైనది, సైన్యమునకు ఎంత, చదువులకు ఎంత అని ఆ సభ్యులు గ్రుచ్చి గ్రుచ్చి అడుగుచుండగా, ఆ వివరములు మరునాడు పత్రికలలో అచ్చగుచుండెను. సభలో ఓడని ప్రభుత్వము ఊరి రచ్చబండవద్ద ఓడుచుండెను.

ఈ విధమైన వాగ్యుద్ధమున ఆరితేరిన అయ్యంగారిని ఐరోపావారి పత్రికయొకటి శాసనసభలోని "ఎండెన్" అని వర్ణించినది. ఈ పేరును తడవంటి తీరప్రాంతములవారు తేలికగా గ్రహింతురు. మొదటి ప్రపంచ యుద్ధమున, 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి, ఎండెన్ అను జర్మను యుద్ధనౌక చీకటిలో చెన్నపట్టణపు రేవును సమీపించి, ఒడ్డుననున్న నూనె తొట్లపై గుండ్లు కురిపించి అవి మండుచుండగనే మాయమైనది. నగరవాసులు భీతిల్లి ఊళ్లు పట్టిపోయిరి. అప్పటినుండి తమిళమున ఎండెన్ అనగా మహా గడుసువాడని వాడుక ఏర్పడెను. ఆంగ్లేయుల శత్రునౌక పేరును ఆంగ్లేయుల సభలోని సభ్యునికి తగిలించుటలో కోపమెంతయో మెచ్చుకోలును అంతయే కలదు. ఒక్క భేదము మాత్రము గమనింపదగినది. ఆ నౌక చీకటిలో వచ్చి పారిపోయినది. ఈయన పట్టపగలు, పేరు వ్రాసియిచ్చి, తమ వంతు వచ్చువరకు కూర్చుండి అడిగిరి.

ప్రశ్నలతోనే ఆయన పోరాటము ముగియలేదు. 1940 నాటి వ్యక్తి సత్యాగ్రహమున ఒకమారు, 1942 నాటి క్విట్ ఇండియా ఉద్యమమున మరియొకమారు కారాగారవాసము చేసిరి. రెండవమారు చెరనుండి వెలువడునప్పటికి 1944వ సంవత్సరము వచ్చినది.

1947లో స్వాతంత్ర్యము వచ్చినది. అంతవరకు అడిగినవారికి ఇక ఉత్తరము చెప్పవలసిన వంతు. లోకములో ఎందరో వీరులకు కష్టమైన ఘట్టమిదియే. మన కాలమున దక్షిణ కొరియాలో కిమ్ దేజుంగ్ అను నాయకుడు ప్రజాస్వామ్యము కొరకు పోరాడి చెరసాలల పాలై, 1980లో మరణశిక్ష కూడ పొంది, ఎట్లో బ్రతికి బయటపడి, 1998లో ఆ దేశాధ్యక్షుడయ్యెను. పదవి స్వీకరింపబోవుచు ఆయన చేసిన మొదటి పనులలో నొకటి, తనను చంపనెంచిన సైనిక పాలకుని విడుదలకు సమ్మతించుట. చెరలో ఓర్పు చూపినవారు అనేకులు గలరు. పీఠముపై ఓర్పు చూపినవారు అంత మంది కానరారు.

అయ్యంగారు రాజ్యాంగ పరిషత్తులో సభ్యులైరి. గ్రామ పంచాయతులను ప్రభుత్వము ఏర్పరుపవలెనను నిబంధన ముసాయిదాలో లేదు. ఆ లోపమును తీర్చుటకై 1948 నవంబరులో సంతానముగారు సవరణ ప్రతిపాదింపగా, అయ్యంగారు దానిని బలపరచి మాటలాడిరి. అంబేద్కరుగారు అంగీకరించిరి. నేటి రాజ్యాంగమున నలువదవ అధికరణము అదియే. అదే సంవత్సరమున ఆయన ఉపసభాపతులైరి. అంచనాల సంఘమునకు అధ్యక్షత వహించి ప్రభుత్వ వ్యయములను పరిశీలించిరి. లెక్కల మాస్టరుగారికి తగిన పనియే. 1952లో తిరుపతినుండి లోక్‌సభకు ఎన్నికైరి. 1956 ఫిబ్రవరిలో తొలి సభాపతి మావలంకరుగారు స్వర్గస్థులైన పిమ్మట, మార్చి 8వ తేదీన సభాపతి పీఠ మధిష్ఠించిరి. 1957లో చిత్తూరునుండి గెలిచి తిరిగి సభాపతులైరి.

ఇచ్చట ఒక విశేషము చెప్పవలెను. ఢిల్లీయందలి ఆ గుండ్రని భవనములో కేంద్ర శాసనసభ కూర్చుండిన మందిరమే స్వతంత్ర భారతమున లోక్‌సభా మందిరమయ్యెను. 2023లో పార్లమెంటు నూతన భవనమునకు తరలువరకు సభ అచ్చటనే జరిగినది. ఇరువదేండ్లకు పూర్వము ఏ గదిలో నిలిచి దొరలను ప్రశ్నించిరో, ఆ గదిలోనే ఇప్పుడాయన ఎత్తైన ఆసనముపై కూర్చుండిరి. సభాపతికి సామాన్యముగా ఓటు లేదు. ఇరుపక్షములకు ఓట్లు సమానమైనప్పుడే ఓటు వేయును. చర్చలో తన అభిప్రాయము చెప్పరాదు. వాగ్ధాటికి పేరుపడిన ఎండెనునకు ఇదెంత కఠిన నియమమో ఊహింపవచ్చును.

ఆయన సభాపతిగా నుండగనే ఒక పెద్ద పరీక్ష వచ్చినది. జీవిత బీమా కంపెనీలను 1956లో ప్రభుత్వము స్వాధీనము చేసికొని బీమా సంస్థను స్థాపించెను. సామాన్యులు కూడబెట్టిన సొమ్ము అందులో చేరినది. మరుసటి సంవత్సరమున ఆ సంస్థ ముంద్రా అను వ్యాపారికి సంబంధించిన కంపెనీలలో వాటాలను సుమారు 1 కోటి 24 లక్షల రూపాయలకు కొనెను. ఈ కొనుగోలును గూర్చి సభలో ప్రశ్నలు పుట్టినవి. 1957 డిసెంబరు 16వ తేదీన ఫిరోజ్ గాంధీ లేచి ఆ వ్యవహారమునంతయు బయటపెట్టెను. అడిగినవాడు ప్రతిపక్షమువాడు కాడు. పాలక పక్ష సభ్యుడు, ప్రధానమంత్రి నెహ్రూగారి అల్లుడు. అడుగబడినవారు ఆర్థికమంత్రి కృష్ణమాచారిగారు. పీఠముపై నున్నవారును ఆ పక్షమున పెరిగినవారే. ఇంటిగుట్టు అని ఆ మాటను ఆపదలచినచో సాకులకు కొదువ యుండదు. కాని చర్చ జరిగినది. బొంబాయి ప్రధాన న్యాయమూర్తి ఛాగ్లాగారు బహిరంగముగా విచారణ జరిపిరి. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి పదవిని విడిచిరి. వైస్రాయి కాలమున సభ ఎన్ని ప్రశ్నలు వేసినను ఒక్క దొరయు దిగిపోలేదు. స్వతంత్ర భారతమున పదునొక్క సంవత్సరములు నిండకమునుపే ప్రశ్నకు ఆ బలము వచ్చినది.

1962లో అయ్యంగారు చిత్తూరునుండి మరల గెలిచిరి గాని, వెంటనే బీహారు గవర్నరుగా నియమింపబడి ఆ స్థానమును విడిచిరి. ప్రజలు కోరి ఎన్నుకొన్న స్థానమును విడిచి నియామక పదవికి పోవుట సబబా యని చిత్తూరు ఓటర్లకు తోచియుండినను ఆశ్చర్యము లేదు. ఏది యెట్లున్నను, ఉపయెన్నికలో వారు స్వతంత్ర పార్టీ నాయకులు ఆచార్య రంగాగారిని, అనగా పాలక పక్షమును ప్రశ్నించువారిని, గెలిపించి ఢిల్లీకి పంపిరి.

బీహారులో ఆయనకు సుఖవాసము లభింపలేదు. 1966, 67లలో అచ్చట ఘోరమైన క్షామము వచ్చినది. 1967 ఎన్నికలలో ఆ రాష్ట్రమున కాంగ్రెసు ఆధిక్యమును కోల్పోయినది. మార్చిలో మహామాయా ప్రసాద్ సిన్హా నాయకత్వమున అనేక పక్షములు కలిసి మంత్రివర్గము నేర్పరచినవి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట బీహారులో కాంగ్రెసేతర ప్రభుత్వమునకు అదియే ఆరంభము. కాంగ్రెసు జెండా క్రింద రెండుమారులు చెరకు పోయిన వృద్ధుడు గవర్నరుగా నుండగా, ఆ క్రొత్త మంత్రులు ప్రమాణము చేసి పదవులు స్వీకరించిరి.

ఆ ఏడాది డిసెంబరులో పదవీకాలము ముగిసినది. పిమ్మట ఆయన తిరుపతిలోని కేంద్రీయ సంస్కృత విద్యాపీఠ వ్యవహారములను చూచిరి. 1978 మార్చి 19వ తేదీన పరమపదించిరి.