గుర్రాల తోటలో బేరం

ఊళ్ళ పేర్లకు అర్థాలు వెతకడం తెలుగు పంతుళ్ళకు పుట్టుకతో వచ్చిన జబ్బు. సముద్రాలు దాటినా అది వదలదు. మొన్న వేసవి సెలవుల్లో నేను మూడు వారాలు గడిపిన జర్మనీ నగరం పేరు స్టుట్‌గార్ట్. ‘ఆడగుర్రాల తోట’ అని దాని అర్థం. వెయ్యేళ్ళ కిందట ఈ లోయలో సైన్యం కోసం గుర్రాలను పెంచేవారట. ఆ గుర్రం నేటికీ నగరచిహ్నంలో ముందుకాళ్ళెత్తి నిలబడివుంది. ఈ వూళ్ళో తయారయ్యే పోర్షె కారు ముక్కుమీద వున్నదీ ఆ గుర్రమే. మందలు పోయి ఎన్నో తరాలయింది గాని, బేరగాళ్ళు మాత్రం పుష్కలంగా మిగిలారు. వారిలో మా బావమరది ఒకడు.

ఊరు చూడముచ్చటగా వుంటుంది. గిన్నె అడుగున పాయసంలాగా నగరమంతా లోయలో కుదురుకొని వుంటే, చుట్టూ అంచుల మీద కొండలు. ద్రాక్షతోటలు పెద్ద రైలుస్టేషను సమీపం దాకా దిగివచ్చాయి. కింది వీథినించి పై వీథికి పోవడానికి చాలాచోట్ల మెట్లదారులే దిక్కు. నెక్కార్ నది వొడ్డున కాన్‌ష్టాట్ అనే పేట వుంది. 1880లలో గోట్లీబ్ డైమ్లర్ అక్కడ తన తోటలోని చిన్న ఇంట్లో తలుపులు మూసుకొని పెట్రోలు ఇంజను తయారుచేశాడు. లోపలి చప్పుళ్ళు విన్న తోటమాలి, వీళ్ళెవరో దొంగనాణేలు పోస్తున్నారని పోలీసులకు చెప్పాడనీ, పోలీసులు వచ్చి చూస్తే పనిముట్లు తప్ప ఏమీ కనబడలేదనీ చెబుతారు. మోటారుకారు పుట్టిన వూళ్ళలో ఇదొకటన్నమాట. ఇలాంటి వూళ్ళో పన్నెండేళ్ళుగా ఇంజనీరు ఉద్యోగం చేస్తున్నవాడికి కారు పిచ్చి పట్టకపోతే ఆశ్చర్యపడాలి గాని, పట్టితే ఏం ఆశ్చర్యం?

నేను వెళ్ళేసరికి ఇంట్లో ఒక సభ జరుగుతున్నది. మా బావమరది, అతని భార్య, ఇద్దరూ ఉద్యోగస్థులే. కొంత సొమ్ము కూడబెట్టారు. అతనికి పోర్షె 911 కావాలి. ఆమెకు సొంత ఫ్లాటు కావాలి.

‘‘అన్నయ్యగారూ, మీరైనా చెప్పండి. కారు వద్దనను. ఐదేళ్ళ తరవాత అమ్మితే పెట్టిన డబ్బు తిరిగొచ్చేలాంటిది కొనమంటున్నాను. అంతే!’’ అన్నదామె.

‘‘అలాంటిదే చూశాను, బావగారూ,’’ అన్నాడతను. ‘‘తక్కువ సంఖ్యలో చేసిన రకం. పాత యజమాని దాదాపు తొక్కనే లేదు. లక్షా ఇరవై వేల యూరోలు. ధర పడదంటున్నారు.’’

‘‘మరి సంతోషంగా కొనవచ్చుగా?’’

‘‘తిరిగిన ప్రతి మైలుకూ ధర తగ్గుతుందిగదా! నేను కూడా తొక్కకూడదు.’’

ఆ జవాబు విని నాకు నవ్వు వచ్చింది. అతనికి రాలేదు.

మర్నాడు ఎస్ 6 లోకలు రైలెక్కి జుఫెన్‌హౌసెన్ పేటకు వెళ్ళాం. పోర్షె ఫ్యాక్టరీ, దాని ఎదుట మ్యూజియం, అక్కడే వున్నాయి. మ్యూజియం 2009లో తెరిచారు. అంత పెద్ద తెల్లని కట్టడం మూడు స్తంభాల మీద గాలిలో నిలబడినట్టుంటుంది. లోపల ఎనభైకి పైగా కార్లు. 1948లో ఆస్ట్రియా దేశపు గ్మ్యుండ్ గ్రామంలో ఈ పేరుతో మొదటి కారు తయారయింది. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో కొత్తరకం కారును 901 అనే పేరుతో చూపించారు. మధ్యలో సున్నా వున్న మూడంకెల పేర్లు తమవని ఫ్రెంచివారి ప్యూజో కంపెనీ అభ్యంతరం చెప్పింది. సున్నా తీసి ఒకటి పెట్టారు. అలా పుట్టిన 911 అరవయ్యేళ్ళు దాటినా అదే వంపుతో, వీపున ఇంజను మోస్తూ ఇంకా తయారవుతూనే వుంది.

నన్ను ఆకర్షించిన సంగతి మరొకటి. ఈ మ్యూజియంలో కార్లు బొమ్మల కొలువులో బొమ్మలు కావు. వీటిలో చాలావాటిని అప్పుడప్పుడు బయటికి తీసి, పాతకార్ల పందాలకూ యాత్రలకూ తోలుకుపోతారు. వెలకట్టలేని వస్తువులని అద్దాలపెట్టెలో పెట్టవలసినవారే తోలుతూవుంటే, జీతంరాళ్ళు పోగుచేసి ఒక్కటి కొనుక్కొనేవాడు గుడ్డకప్పి దాచాలా?

పైగా నిలబెట్టిన కారు చెడిపోదనుకోవడం పొరపాటట. బ్యాటరీ చచ్చిపోతుంది. పెట్రోలు పాడవుతుంది. రబ్బరు భాగాలు ఎండి పగులుతాయి. ఒకేచోట బరువు మోసిన టైర్లు ఆ పక్కన చదునవుతాయి. వాయించని వీణ తంతులు తుప్పుపట్టినట్టే.

మన సంతలో కోడెను కొనేవాడు ముందు పళ్ళు చూస్తాడు, తరవాత వొంటిమీద సుళ్ళు చూస్తాడు. కొందరికి ఎద్దు అరక లాగుతుందా లేదా అన్నదానికంటే సుళ్ళే ముఖ్యం. ఎందుకంటే రేపు కొనేవాడూ వాటినే చూస్తాడు. ఈ కార్ల బజారులోనూ సుళ్ళున్నాయి. ఎన్ని కిలోమీటర్లు తిరిగింది? ఎందరి చేతులు మారింది? సర్వీసు పుస్తకంలో ముద్రలన్నీ వున్నాయా? ఎప్పుడైనా గుద్దుకున్నదా? రంగేమిటి? మా బావమరదికి ఆకుపచ్చ ఇష్టం. నలుపో బూడిదరంగో అయితే ఎప్పుడైనా సులువుగా అమ్ముడవుతుందని అందరూ హెచ్చరించారు. అంటే ముఖమెరుగని ఐదేళ్ళ తరవాతి మనిషి కోసం ఇప్పటినించే ఇష్టం చంపుకోవాలన్నమాట!

అలాగని ఈ సుళ్ళు నికరమైనవా? దానికీ ఒక కథ వుంది. 2016లో పోర్షెవారు 911 ఆర్ అనే కారును 991 మాత్రమే చేశారు. చేత్తో గేర్లు మార్చేది, తేలికైనది, తోలడం తెలిసినవాడి కోసం చేసినది. జర్మనీలో ధర లక్షా ఎనభైతొమ్మిది వేల యూరోల పైచిలుకు. సంతలో అడిగే ధరలు చూస్తూండగానే రెండింతలు దాటాయి. ఇకనేం, తోలడానికి పుట్టిన కారు తాళం వెనక కూర్చుంది. మరుసటి యేడు ఆ కంపెనీయే జీటీ 3 కారుకు కూడా చేతిగేర్లు ఇచ్చింది. వెనక పెద్ద రెక్క లేని టూరింగ్ రకమూ అదే యేడు వచ్చింది. ఆర్ ధరలు దిగివచ్చాయి. అసలు ధరకంటే పైనే నిలిచినా, శిఖరం మీద కొన్నవాడు కారూ తోలలేదు, లాభమూ చూడలేదు.

ఎదురు ఉదాహరణ బావమరది చెప్పాడు. హాస్యనటుడు రోవన్ ఆట్కిన్‌సన్, అదే మన పిల్లలెరిగిన మిస్టర్ బీన్, మెక్లారెన్ ఎఫ్ 1 కారు కొని నలభైవేల మైళ్ళకు పైగా తిప్పాడు. రెండుసార్లు గుద్దాడు. 2011 ప్రమాదం తరవాత బాగుచేతకు బీమావారికి తొమ్మిది లక్షల పౌన్లు దాటింది. అయినా 2015లో అమ్మినప్పుడు 80 లక్షల పౌన్లు వచ్చాయని పత్రికలు రాశాయి.

‘‘చూశారా? తోలినవాడికే లాభం!’’ అన్నాడు.

‘‘నాయనా, ఆ రకం కార్లు మొత్తం చేసింది 106. లాటరీ తగిలినవాడి కథ ఇంటి లెక్కకు పనికిరాదు,’’ అన్నాను.

ఆ శనివారం ఒక్కరోజుకు 911 అద్దెకు తెచ్చాడు. వెనక రెండు సీట్లున్నాయి గాని వాటిలో మనుషులు పట్టరు; సంచులు పడతాయి. అతనూ నేనూ బాడెన్-బాడెన్ వెళ్ళి, అక్కడినించి బి 500 రోడ్డెక్కాం. నల్లడవి కొండల శిఖరాల వెంబడి ఫ్రాయిడెన్‌ష్టాట్ దాకా సుమారు అరవై కిలోమీటర్లు పోతుందా రోడ్డు. రెండు పక్కలా ఫర్‌చెట్లు, పట్టపగలే సందెచీకటి. ఒక్కసారిగా చెట్లు తప్పుకొంటే కుడిచేతివైపు రైన్ నది మైదానం, దానికావల ఫ్రాన్సుదేశపు వోజ్ కొండలు నీలంగా కనిపిస్తాయి.

వేగానికి అక్కడ హద్దులున్నాయి. మావాడు వాటిని దాటలేదు. నాకు అర్థమయిందేమంటే ఆనందం వేగంలో లేదు. మలుపుకు ముందు గేరు దించడం, చక్రాల కింద రోడ్డు ఎలా వున్నదో చేతులకు తెలియడం, మలుపు విడిచేటప్పుడు వెనకనించి ఎవరో చెయ్యివేసి మెల్లగా నెట్టినట్టుండడం. మంచి కచేరీలో మృదంగం మీద వేళ్ళు చూస్తున్నట్టుంది. పన్నెండేళ్ళుగా ఆఫీసూ ఇల్లూ తప్ప ఎరగని మనిషి ముఖం నలభైమలుపుల్లో పదేళ్ళు చిన్నదయింది.

మూమ్మెల్‌జే అనే కొండసరస్సు దగ్గర ఆగాం. 1,036 మీటర్ల ఎత్తున నల్లని నీళ్ళు. అందులో జలకన్యలున్నారని కథలు. కాఫీ తాగుతూ అతను వాళ్ళ నాన్నగారి, అంటే మా మామగారి, స్కూటరు సంగతి ఎత్తాడు. ఆ రోజుల్లో స్కూటరుకు డబ్బు కట్టి ఏళ్ళ తరబడి కాచుకొనేవారు. వంతు వచ్చినవాడు ఆ రోజే అమ్మినా కొన్నదానికంటే ఎక్కువ వచ్చేది. మామగారి బండి వచ్చిననాడు ఒక వర్తకుడు మూడువేలు పైన ఇస్తానన్నాడు. ‘‘ఇన్నేళ్ళు కాచుకున్నది ఎక్కడానికయ్యా, అమ్మడానికి కాదు,’’ అని ఆయన భార్యనూ ఇద్దరు పిల్లలనూ ఎక్కించుకొని వూరంతా తిప్పాడు. ‘‘ముందు నిలబడింది నేనే. మూడువేలు ఏమైవుండేవో ఎవరికీ తెలియదు. ఆ గాలి నాకింకా గుర్తు,’’ అన్నాడు మా బావమరది.

కాని జ్ఞాపకాలతో ఫ్లాటు రాదు. ఆ రాత్రి అతని భార్య నోటుపుస్తకం తీసింది. అంకెలు ఊహించినవే, లెక్క మాత్రం నిక్కచ్చిది. దాచే కారు లక్షా ఇరవై వేలు. ఐదేళ్ళలో ఐదువేల కిలోమీటర్లే తిరిగి, ధర దమ్మిడీ పడలేదనుకుందాం. షెడ్డు అద్దె, బీమా, సర్వీసు ఏడాదికి మూడువేలు వేసినా పదిహేను వేలు ఖర్చు. అంటే కిలోమీటరుకు 3 యూరోలు. రెండోది పదేళ్ళ వయసున్న మామూలు 911. ధర ఎనభై వేలు. ఐదేళ్ళలో యాభైవేల కిలోమీటర్లు తిప్పి అరవై వేలకు అమ్మితే, పడిన ధర ఇరవై, పై ఖర్చులు పదిహేను, మొత్తం ముప్పయ్యైదు వేలు. కిలోమీటరుకు 70 సెంట్లు. పెట్రోలు, టైర్లు వేరే.

‘‘కాని మొత్తంమీద చేతినించి పోయేది రెండోదాంట్లోనే ఎక్కువ. ఇరవై వేలు,’’ అన్నదామె, పెన్సిలు కొన కొరుకుతూ.

‘‘అవునమ్మా. ఏడాదికి నాలుగువేలు. అది నష్టం కాదు, వినోదానికి అద్దె. ఇవ్వగలరా లేదా అన్నదే ప్రశ్న,’’ అన్నాను.

ఆమె కాసేపు అంకెలు చూసి, ‘‘ఇందులో ఇంకో నలభై వేలు మిగులుతున్నాయిగా!’’ అన్నది. కారు ధరల తేడా అన్నమాట. అది ఫ్లాటుకు మొదటి వాయిదాలో చేరుతుంది. ఆ సంగతి మా ఇద్దరికంటే ముందు ఆమెకే తట్టింది.

పెద్దలు ధనానికి మూడు దారులు చెప్పారు: ఇవ్వడం, అనుభవించడం, పోగొట్టుకోవడం. షెడ్డులో గుడ్డకప్పి నిలబెట్టడం ఏ దారో నాకు తెలియలేదు. అలాగని రేపటి ధర చూడకుండా కొనమనీ అనను. సంసారికి అది గొడుగులాంటిది. వాన వస్తే పనికివస్తుంది. కాని గొడుగు తడుస్తుందని ఇంట్లో కూర్చునేవాణ్ణి ఏమంటాం? ఎంత పోగొట్టుకోగలమో ముందే తేల్చుకొని, ఆ మేరకు హాయిగా అనుభవించడం మధ్యతరగతివాడికి తగిన పద్ధతి.

నేను తిరిగివచ్చిన నెలకు ఫోటో వచ్చింది. పదేళ్ళ కారు, ఆకుపచ్చది. ఎవరూ అడగని రంగు గనక ధర కూడా కొంత తగ్గించారట. నంబరు పలక చివర 04, 10 అని అంకెలున్నాయి. ఏప్రిల్ నించి అక్టోబరు దాకానే రోడ్డెక్కే బండికి ఆ దేశంలో అలా పలక ఇస్తారు. పన్నూ బీమా ఆ నెలలకే. ఆ ఉపాయమూ అమ్మాయిదే. మొదటి నెలలో పధ్నాలుగు వందల కిలోమీటర్లు తిరిగారని ఆమే రాసింది. నోటుపుస్తకంలో తేదీ, వూరు, కిలోమీటర్లు వేస్తున్నదట. ధర పడిపోతున్న లెక్క వేసే గడి మాత్రం కొట్టేశానని చివర ఒక్కముక్క చేర్చింది.